సూది దారం పట్టిన చేతులతో పుస్తకాల కొట్టు



ఈ వారం వీడియో కర్మయోగం గురించి. చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, చివర్లో "ఇటలీలో కొంతమంది కన్యాస్త్రీల కథ ఒకటి ఉంది, అది బ్లాగ్‌లో రాస్తాను" అని ఆపేశాను. టైమ్ సరిపోలేదన్న మాట నిజమే కానీ, అసలు కారణం వేరు. ఈ కథ చెప్పాలంటే ముందు మనవాళ్ళం చేసిన ఒక తప్పు చెప్పాలి. కెమెరా ముందు అది చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. రాయడం కొంచెం తేలిక.

మీకు తెలుసు, ఈ ఛానల్ నడిపేది నలుగురం. అందరం ఉద్యోగాలు చేసుకుంటూ శని, ఆదివారాల్లో కూర్చుని వీడియోలు చేస్తాం. మూడు నెలల క్రితం వ్యూస్ బాగా పడిపోయాయి. వారమంతా రాత్రుళ్ళు కూర్చుని తయారుచేసిన వీడియోని నాలుగొందల మంది కూడా చూడలేదు. "కంటెంట్ బాగానే ఉందిరా, టైటిల్ చూస్తే ఎవరికీ క్లిక్ చేయాలనిపించట్లేదు" అన్నాడు మా వాడొకడు. సరే అని తర్వాతి స్తోత్రం వీడియో థంబ్‌నెయిల్ మీద పెద్ద ఎర్ర అక్షరాలతో "11 రోజులు చదివితే ఎంతటి కష్టమైనా తీరిపోతుంది" అని వేశాం. వేసింది నేనే. వీడియో లోపల అలాంటి మాట ఒక్కటి కూడా లేదు. వ్యూస్ పెరిగాయి. అందరం సంతోషించాం.

పన్నెండో రోజు ఒకావిడ మెసేజ్ పెట్టారు. వాళ్ళాయన ఐసీయూలో ఉన్నారట. ఆస్పత్రి వరండాలో కూర్చుని పదకొండు రోజులూ వదలకుండా చదివారట. "బాబూ, నేను చదవడంలో ఏమైనా తప్పు చేశానా? ఇంకా తగ్గలేదు" అని అడిగారు.

చూడండి, ఆవిడ మమ్మల్ని అనుమానించలేదు. తిట్టలేదు. తన చదవడంలోనే లోపం ఉందేమో అనుకున్నారు. భర్త మంచం మీద ఉన్న మనిషి మీద మేం ఇంకో బరువు పెట్టాం. ఒక థంబ్‌నెయిల్ కోసం.

మర్నాడు ఆఫీసులో లంచ్ దగ్గర మొహం వేలాడేసుకుని కూర్చుంటే, నా పక్క సీటు అమ్మాయి ఏమైందని అడిగింది. ఆ అమ్మాయిది కేరళ, క్యాథలిక్ కుటుంబం. జరిగింది చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వాళ్ళ పిన్ని గురించి చెప్పింది. ఆవిడ సిస్టర్. స్కూల్లోనో ఆస్పత్రిలోనో పనిచేసే సిస్టర్ కాదు. పుస్తకాల కొట్టులో కూర్చునే సిస్టర్. "మా పిన్ని కొట్టుకి వచ్చేవాళ్ళలో సగం మంది పుస్తకం కోసం రారు. ఎవరితోనైనా మాట్లాడదామని వస్తారు. వాళ్ళకి ఏ పుస్తకం అమ్మాలా అని కాదు, ఏ మాట చెప్పకూడదా అని పిన్ని ఎక్కువ ఆలోచిస్తుంది" అంది.

ఏ మాట చెప్పకూడదా అని. ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఇంటికెళ్ళి ఆ సిస్టర్ల సంఘం గురించి చదవడం మొదలుపెట్టాను. దాని పేరు డాటర్స్ ఆఫ్ సెయింట్ పాల్, అంటే పౌలు కుమార్తెలు.

కథలోకి వెళ్ళేముందు ఒక సందేహం తీర్చుకుందాం. "మన ఛానల్లో క్రైస్తవ సన్యాసినుల కథ ఎందుకు బ్రో?" అని కొందరు అడుగుతారని నాకు తెలుసు. అడగడంలో తప్పులేదు. ఆ సిస్టర్ల ఉద్దేశం తమ మత విశ్వాసాన్ని జనంలోకి తీసుకెళ్ళడమే. దాన్ని వాళ్ళు ఎప్పుడూ దాచుకోలేదు. మన దారి మనది, వాళ్ళ దారి వాళ్ళది. అయితే ఒక్క సంగతి గుర్తుచేస్తాను. శ్రీరామకృష్ణులు 1886 ఆగస్టులో శరీరం వదిలారు. ఆ డిసెంబర్‌లో నరేంద్రుడు, గురుభాయిలు బెంగాల్‌లోని ఆంట్‌పూర్ అనే పల్లెలో ధుని చుట్టూ కూర్చున్నారు. ఆ రాత్రి నరేంద్రుడు వాళ్ళకి చెప్పింది ఏసుక్రీస్తు జీవితం, ఆయన శిష్యుల త్యాగం. ఆ మంట ముందే అందరూ సన్యాసానికి సంకల్పం చేసుకున్నారు. అది క్రిస్మస్ ముందు రాత్రి అని వాళ్ళకి తర్వాత తట్టింది. మన దేశంలో ఒక గొప్ప సన్యాసి సంఘానికి బీజం పడిన రాత్రి అది. వివేకానందుడికి లేని మొహమాటం మనకెందుకు?

సరే, కథ.

ఇటలీకి వాయవ్యంలో ఆల్బా అని ఒక చిన్న ఊరు. 1900 డిసెంబర్ 31 రాత్రి, శతాబ్దం మారే వేళ, అక్కడి పెద్ద చర్చిలో పదహారేళ్ళ కుర్రాడొకడు నాలుగు గంటలపాటు ప్రార్థనలో ఉండిపోయాడు. పేరు జకోమో అల్బెరియోనె. రాబోయే కాలపు మనుషుల కోసం తాను ఏదో ఒకటి చేసి తీరాలని ఆ రాత్రి అతనికి గట్టిగా అనిపించింది. ఏం చేయాలో మాత్రం తెలియదు. 1907లో ఫాదర్ అయ్యాడు. చుట్టూ చూస్తే జనం వార్తాపత్రికలు చదువుతున్నారు. చర్చికి వచ్చి బోధ వినేవాళ్ళ కంటే పేపర్ చదివేవాళ్ళు ఎక్కువవుతున్నారు. మరి మంచి మాట కూడా అచ్చులోనే ఎందుకు వెళ్ళకూడదు? 1914లో కొద్దిమంది కుర్రాళ్ళతో ఒక చిన్న అచ్చు పని బడి పెట్టాడు. అదే తర్వాత సొసైటీ ఆఫ్ సెయింట్ పాల్ అయింది.

మరుసటి ఏడాది, 1915 జూన్‌లో, ఆడపిల్లల విభాగం మొదలైంది. అప్పటికి ఇటలీ మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగి నెల కూడా కాలేదు. చేతిలో డబ్బు లేదు. అందుకని ముందు ఒక కుట్టుపని కేంద్రంలా పెట్టి, సైనికులకి బట్టలు కుట్టారు.

జూన్ 27న ఆల్బాలోని ఒక చర్చిలో ఫాదర్ అల్బెరియోనెని కలవడానికి తెరేసా మెర్లో అనే అమ్మాయి వచ్చింది. వయసు ఇరవై ఒకటి. దగ్గర్లోని కస్తాన్యీతో అనే పల్లె. ఎంబ్రాయిడరీ, కుట్టుపని బాగా వచ్చు. ఇంట్లోనే ఊరి ఆడపిల్లలకి నేర్పేది. ఆరోగ్యం అంతంతమాత్రం. ఈ కొత్త పని గురించి ఫాదర్ చెప్పాడు: ఇప్పుడు కుట్టుపని, ముందుముందు పుస్తకాల ద్వారా, పత్రికల ద్వారా సేవ. చూపించడానికి ఒక భవనం లేదు, ఒక నియమావళి లేదు, ఒక గుర్తింపు లేదు. ఆమె ఒప్పుకుంది.

మన భాషలో చెప్పాలంటే, ఆఫర్ లెటర్ లేదు, కంపెనీ ఇంకా రిజిస్టర్ కాలేదు, ప్రొడక్ట్ ఏంటో ఫౌండర్‌కే పూర్తి స్పష్టత లేదు. అలాంటి చోట చేరింది.

1918 డిసెంబర్‌లో అసలు పరీక్ష వచ్చింది. ఆల్ప్స్ కొండల లోయలో, ఫ్రాన్స్ సరిహద్దు వైపు, సూసా అనే ఊరుంది. అక్కడి బిషప్‌గారి పత్రిక లా వాల్సూసా యుద్ధం వల్ల ఆగిపోయింది. దాన్ని మళ్ళీ నడపాలి. ఫాదర్ ఈ అమ్మాయిలని పంపాడు. వాళ్ళెవరూ జర్నలిస్టులు కారు. ప్రింటర్లు అసలే కారు. నిన్నటిదాకా పట్టుకున్నవి సూది, దారం.

ఆ రోజుల్లో అచ్చు పని అంటే ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించండి. ప్రతి అక్షరం ఒక సీసపు ముక్క. అది అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. గళ్ళపెట్టెలోంచి ఒక్కో ముక్కా ఏరి, వరసలో పేర్చి, పదం, వాక్యం, పేజీ కట్టాలి. సిరా పూసి కాగితం మీద నొక్కాలి. అచ్చయ్యాక ఆ అక్షరాలన్నీ విప్పి మళ్ళీ ఏ గడిలోది ఆ గడిలో వేయాలి. నేను కోడ్‌లో ఒక సెమికోలన్ మర్చిపోతే కంపైలర్ ఎర్ర గీత గీసి చూపిస్తుంది. వాళ్ళకి చూపించేవాళ్ళు ఎవరూ లేరు. ఆ చలి లోయలో కూర్చుని నేర్చుకున్నారు. పత్రిక మళ్ళీ బయటికి వచ్చింది.

దాంతోపాటు ఒక చిన్న పుస్తకాల కొట్టు పెట్టారు. సెయింట్ పాల్ పేరు మీద, ఆయన పటం పెట్టుకుని. రెండు వేల ఏళ్ళ కిందట ఊరూరా తిరుగుతూ, వెళ్ళలేని చోటికి ఉత్తరాలు రాస్తూ తమ మతాన్ని ప్రచారం చేసినవాడు పౌలు. అచ్చు పనిచేసేవాళ్ళకి ఆయన ఆదర్శం కావడం సహజమే.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఇక్కడే ఉంది. ఈ అమ్మాయిలు ఎవరో సూసా జనానికి తెలియదు. టీచర్లా అంటే కాదు. నర్సులా అంటే కాదు. పొద్దున ప్రార్థన చేసుకుంటారు, పగలంతా అచ్చు పని చేస్తారు, కొట్టులో కూర్చుంటారు. వీళ్ళని ఏమని పిలవాలి? ఆ పటం చూసి, ఆ పేరు చూసి, జనమే "పౌలు కుమార్తెలు" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది. ఇవాళ్టికీ ఆ సంఘం పేరు అదే.

మేం మన ఛానల్ పేరు, లోగో తేల్చుకోవడానికి మూడు వారాలు కొట్టుకున్నాం. వాళ్ళ పేరు వాళ్ళ పని చూసిన జనం ఇచ్చారు.

1922 జూలైలో తొమ్మిది మంది వ్రతదీక్ష తీసుకున్నారు. తెరేసా ఆ సంఘానికి పెద్ద అయింది. అప్పట్నించి ఆమె పేరు తెక్లా. పౌలు శిష్యురాలిగా క్రైస్తవ సంప్రదాయం చెప్పుకునే తెక్లా పేరు అది. 1923లో అందరూ మళ్ళీ ఆల్బాకి వచ్చేశారు. స్థానిక బిషప్ ఆమోదం అందింది 1929లో. పోప్ నుంచి పూర్తి ఆమోదం వచ్చేసరికి 1953. లెక్క వేయండి. మొదలుపెట్టిన పద్నాలుగేళ్ళకి మొదటి గుర్తింపు, ముప్ఫై ఎనిమిదేళ్ళకి చివరి గుర్తింపు. మనం ఒక పోస్ట్ పెట్టి పద్నాలుగు నిమిషాల్లో పదిసార్లు రిఫ్రెష్ చేస్తాం.

ఈ లోపల వాళ్ళు ఆగలేదు. పుస్తకాల సంచులు మోసుకుని ఇంటింటికీ తిరిగారు. వేరే ఊళ్ళలో కొట్లు తెరిచారు. 1931లో బ్రెజిల్, 1932లో అమెరికా. 1950ల మొదట్లో మన దేశానికీ వచ్చారు. మా కొలీగ్ వాళ్ళ పిన్ని కూర్చునే కొట్టు ఆ వరసలోదే. తెక్లా 1964లో, ఫాదర్ అల్బెరియోనె 1971లో కన్నుమూశారు.

ఇదంతా ఎలా సాధ్యమైందని వెతికితే నాకు ఒక ఉపమానం దొరికింది. ఫాదర్ అల్బెరియోనె వాళ్ళ జీవితాన్ని నాలుగు చక్రాల బండితో పోల్చేవాడు. ఒక చక్రం భక్తి, ఒకటి అధ్యయనం, ఒకటి ప్రచార సేవ, ఒకటి పేదరికం. నాలుగూ కలిసి తిరగాలి. ఒకటి ఆగినా బండి పక్కకి లాగుతుంది.

ఈ నాలుగు చక్రాలూ మనకి కొత్త కాదు. మన శాస్త్రాలు జపం అన్నాయి, స్వాధ్యాయం అన్నాయి, సేవ అన్నాయి, అపరిగ్రహం అన్నాయి. ఒక్కోటి తీసుకుని మా ఛానల్ ముందు పెట్టి చూసుకున్నాను. సిగ్గేసింది. మీరు కూడా మీ పని ముందు పెట్టి చూసుకోండి.

మొదటిది భక్తి. ఆ సిస్టర్లు రోజూ ఒక గంట దివ్యసత్ప్రసాదం ముందు మౌనంగా కూర్చోవాలని నియమం. డెడ్‌లైన్ ఉన్నా సరే, పత్రిక అచ్చుకి వెళ్ళాల్సి ఉన్నా సరే. నేను? దేవుడి మీద వీడియో ఎడిటింగ్‌లో పడి ఆ వారం సంధ్యావందనం మానేసిన రోజులు నాలుగు. శివుడి మీద స్క్రిప్ట్ రాస్తూ శివుణ్ణి మర్చిపోయాను.

రెండోది అధ్యయనం. అమ్మే పుస్తకం ఏమిటో వాళ్ళు చదవాలి, తెలియాలి. మేం పెట్టిన ఆ "11 రోజులు" ఏ గ్రంథంలో ఉంది? ఎక్కడా లేదు. పదకొండు అయితే చూడ్డానికి బాగుంటుందని వేశాను.

మూడోది సేవ. పుస్తకాల కొట్టుని గుడిలా చూడమని, కౌంటర్‌ని బోధ చేసే వేదికలా చూడమని ఫాదర్ వాళ్ళకి నేర్పాడు. గుడికి వచ్చినవాణ్ణి పూజారి కస్టమర్ అనుకోకూడదు కదా. కానీ మా డ్యాష్‌బోర్డ్‌లో ఆవిడ ఒక వ్యూ. పదకొండు రోజులు రోజూ ప్లే చేశారు కాబట్టి పదకొండు వ్యూలు. మేం పండగ చేసుకున్న అంకెలో ఆవిడ కన్నీళ్ళు కూడా కలిసి ఉన్నాయి.

నాలుగోది పేదరికం. వాళ్ళది నిజమైన పేదరికం. మనకి అంత కుదరకపోవచ్చు, జీతాలు, ఈఎంఐలు ఉన్నాయి. కానీ ఒక పేదరికం మనకీ కుదురుతుంది. పేరు కోసం ఆకలి లేకపోవడం. కృష్ణుడు ఫలం మీద ఆశ వదులుకోమన్నప్పుడు మనం జీతం, ప్రమోషన్ అనుకుంటాం. లైకులు కూడా ఫలమేనని నాకు ఇరవై ఎనిమిదేళ్ళకి తెలిసింది.

ఇంకో మాట. ఇలాంటి నిష్ఠ చూడాలంటే ఇటలీ దాకా వెళ్ళక్కర్లేదు. ఆ సిస్టర్లు ఆల్బాకి తిరిగొచ్చిన 1923లోనే మన గోరఖ్‌పూర్‌లో గీతా ప్రెస్ మొదలైంది. చేతిలో నాలుగు రూపాయలున్నవాడికి కూడా గీత అందాలని పట్టుబట్టిన సంస్థ అది. చిన్నప్పుడు రైల్వే స్టేషన్ స్టాల్‌లో తాతయ్య నాకు కొనిచ్చిన తెలుగు గీత వాళ్ళదే. అట్ట ఊడిపోయింది కానీ ఇంకా నా దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో దోమలగూడ రామకృష్ణ మఠానికి వెళ్ళినప్పుడు ధ్యానమందిరంతో పాటు పుస్తకాల స్టాల్‌లోకి కూడా వెళ్ళండి. ఆ కౌంటర్ వెనక ఉన్నవాళ్ళకి ఒక నమస్కారం పెట్టండి. నేను పదేళ్ళుగా వెళ్తున్నాను, మొన్నటిదాకా ఎప్పుడూ పెట్టలేదు. బిల్లు తీసుకుని వచ్చేసేవాణ్ణి.

ఇప్పుడు ఆ మెసేజ్ సంగతి. ఆ రాత్రే ఆవిడకి జవాబు రాశాను. నాలుగుసార్లు రాసి చెరిపి, చివరికి ఉన్నదున్నట్టు రాశాను. "అమ్మా, మీ చదవడంలో ఏ తప్పూ లేదు. తప్పు మాది. ఆ పదకొండు రోజుల మాట మేం జనం చూడాలని పెట్టింది. ఏ శాస్త్రంలోనూ లేదు. మమ్మల్ని క్షమించండి. డాక్టర్లు చెప్పింది చేయించండి. స్తోత్రం మీకు ధైర్యం ఇస్తే చదువుకోండి, లెక్క పెట్టుకోకండి."

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వచ్చింది. "పరవాలేదు బాబూ. చదువుతూనే ఉన్నాను. చదువుతున్నంతసేపు చెయ్యి వణకట్లేదు. ఈసారి మాత్రం అలా పెట్టకండి, నాలాంటివాళ్ళు చాలామంది ఉంటారు ఇక్కడ."

"ఇక్కడ" అంటే ఆ ఆస్పత్రి వరండా. ఆ మాట చదివాక నాకు అర్థమైంది, మా కౌంటర్ ఎక్కడుందో. స్టూడియోలో లేదు, ల్యాప్‌టాప్‌లో లేదు. అర్ధరాత్రి వరండాలో ఫోన్ పట్టుకుని కూర్చున్న మనిషి ముందు ఉంది.

ఆ థంబ్‌నెయిల్ తీసేశాం. టైటిల్ మార్చాం. వ్యూస్ మళ్ళీ పడిపోయాయి, దాచేదేమీ లేదు. నలుగురం కూర్చుని ఒక నియమం పెట్టుకున్నాం: వీడియో లోపల లేని మాట వీడియో బయట ఉండకూడదు, గ్రంథంలో లేని మాట వీడియో లోపల ఉండకూడదు. షూటింగ్‌కి ముందు పావుగంట కెమెరా ఆఫ్ చేసి జపం. వచ్చిన మెసేజ్‌లకి జవాబివ్వకుండా కొత్త వీడియో ఎక్కించకూడదు. ఇందులో మూడోది ఇప్పటికే ఒకసారి తప్పాం. మళ్ళీ పట్టుకున్నాం.

ఈ వారం మీరు చేయాల్సింది ఒక్కటే. మీ పని ఏదైనా సరే, టెస్టింగ్ కానీ, సపోర్ట్ టికెట్లు కానీ, బ్యాంకు కౌంటర్ కానీ, డెలివరీ కానీ, దాని అవతలి చివర ఉన్న ఒక్క మనిషిని గుర్తుచేసుకోండి. ఆ మనిషి ఏ వరండాలో కూర్చుని ఉన్నారో మనకి తెలియదు. తెలియదు కాబట్టే జాగ్రత్తగా ఉండాలి. ఆ జాగ్రత్తే పూజ. కుట్టుపని మాత్రమే తెలిసిన కొందరు అమ్మాయిలు సీసపు అక్షరాలు ఏరుతూ నూరేళ్ళ కిందట చేసింది అదే.

మీ అనుభవాలు కింద రాయండి. ఈసారి అన్నీ చదివి జవాబిస్తాను. ఆవిడ భర్త కోసం ఈ రాత్రి దీపం పెట్టేటప్పుడు ఒక్క నిమిషం ప్రార్థించండి. పేరు తెలియక్కర్లేదు. దేవుడికి తెలుసు.

శుభం భూయాత్.